మా ఆయన చొక్కా, చంకలో చిన్న దిండు

జడ అల్లుకోవడానికి ఎడమ చెయ్యి మళ్లీ మెడ వెనక్కి వెళ్లిన రోజున ఇదంతా రాయాలనిపించింది. కొంత నా కోసమే. జరిగినదాన్ని వరుసగా చెప్పుకుంటే మనసు కుదురుకుంటుంది. కొంత, మా దుకాణానికి వచ్చి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి "ఆపరేషన్ అయినంక ఏమేం దగ్గర పెట్టుకోవాలె అక్కా?" అని అడిగే ఆడవాళ్ల కోసం. నేను డాక్టర్‌ని కాను. నా ఒంటి మీద జరిగింది, నాకు పనికొచ్చింది, అంతే చెప్పగలను. మీ డాక్టర్ ఏం చెబితే అది నా మాట కంటే ముందు.

మాది ఆబిడ్స్‌లో మ్యాచింగ్ సెంటర్. జాకెట్ బట్టలు, లైనింగులు, చీర ఫాల్‌లు అమ్ముతాం. ఇల్లు నాంపల్లిలో, ఒక పాత బిల్డింగు మొదటి అంతస్తులో. ఇంట్లో నేను, మా ఆయన సుదర్శన్, మా అత్తమ్మ, మా అమ్మాయి కావ్య.

శ్రావణం

మ్యాచింగ్ సెంటర్‌కి శ్రావణమాసం ఊపిరి తీసుకోనివ్వని నెల. చీర చేత్తో పట్టుకుని వస్తారు, కౌంటర్ మీద పరుస్తారు, సరిగ్గా అదే రంగు కావాలంటారు. మా ఆయనకి లెక్కలు వస్తాయి, బేరం వస్తుంది, రంగులు మాత్రం రావు. వంకాయ రంగుకీ నేరేడు రంగుకీ తేడా పెళ్లయిన కొత్తలో ఆయనకి తెలీదు, ఇప్పటికీ తెలీదు. రంగులు నా పని.

ఆ నెలలోనే ఒక పొద్దున స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ము పక్కన చింతగింజంత గట్టిగా తగిలింది. నొక్కి చూశాను. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే ఈ రోగం చేసే మోసమని తర్వాత తెలిసింది. బట్టలు ఆరేస్తూ మాటల్లో కావ్యతో అన్నాను. కావ్య బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తుంది. దాని చేతిలో తడి చీర అలాగే ఆగిపోయింది.

"ఇయ్యాల్నే దవాఖానకు పోదాం మమ్మీ."

"ఇయ్యాల శుక్రవారమే. దుకాణంల ఎవరుంటరు?"

"నాన్న ఉంటడు. రంగులు తప్పితే తప్పనియ్యి."

ఆ రోజు అది ఆఫీసుకు పోలేదు. నన్ను నాంపల్లి స్టేషన్ అవతల ఉన్న దవాఖానకు తీసుకుపోయింది. ఫొటో తీశారు, సూది పెట్టి ముక్క తీశారు. జవాబు వచ్చేదాకా నేను దుకాణంలో కూర్చుని జాకెట్ బట్టలు కోస్తూనే ఉన్నాను. అన్ని రోజుల్లో ఒక్క ముక్క కూడా వంకరపోలేదు. చేతులు వాటి పని అవి చేసుకున్నాయి. 

జవాబు చెప్పిన రోజు మా ఆయన నా పక్కనే కూర్చున్నారు. డాక్టరమ్మ నెమ్మదిగా మాట్లాడే మనిషి. "తొందరగనే వచ్చిన్రు, అది మంచిదైంది. కానీ రొమ్ము మొత్తం తీసేయాల్సి వస్తది" అంది. ఎందుకో కూడా బొమ్మ గీసి చెప్పింది. నాకు సగమే ఎక్కింది. మా ఆయన ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

"తీసేస్తే మనిషి ఉంటదా మేడం?"

"ఉంటది. అందుకే తీసేద్దామంటున్న."

ఆయన నన్ను ఆటోలో తీసుకొచ్చారు. ఇంటి ముందు నన్ను దింపి దుకాణానికి పోయారు. సాయంత్రం కావ్య వెళ్లి చూస్తే, గిరాకీని పక్కన పెట్టి లైనింగు తానులన్నీ కిందికి దించి మళ్లీ సర్దుతున్నారట. "నాన్న తెల్ల బట్టలన్ని ఒక్క తీర్గ పెట్టిండు మమ్మీ. ఎవరితోని మాట్లాడుతలేడు" అని చెప్పింది.

అత్తమ్మ ఏడవలేదు. కాసేపు కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుని, చివరికి ఒక నిర్ణయం చెప్పింది.

"బయట గీ రోగం పేరు తియ్యకున్రి. పిత్తంల రాళ్లయినయి, ఆపరేషన్ అని చెప్పున్రి."

"ఎందుకు నానమ్మా?" అంది కావ్య.

"లోకం మంచిది గాదు బిడ్డా. రోగమొచ్చిన మనిషిని వదిలిపెట్టి, రోగం గురించే మాట్లాడుతరు."

వాదించే ఓపిక నాకు లేదు. సరే అన్నాను.

వినాయక చవితి దాటాక

ఆపరేషన్ ముందు పరీక్షల కోసం మళ్లీ మళ్లీ దవాఖానకు తిరిగాం. అక్కడ ఇనుప కుర్చీల వరసలో ఎదురుచూడడమే పెద్ద పని. నలుగురి మధ్య కూర్చుంటాం కానీ ఎవరి మొహంలోకి ఎవరూ చూడరు. అందరూ గోడ మీది టీవీనే చూస్తారు, అందులో మాట వినబడకపోయినా.

ఒకరోజు నా పక్కన బుర్ఖా వేసుకున్న ఒకావిడ కూర్చుంది. నాకంటే కొంచెం పెద్దది. ఒళ్లో చిన్న దిండు, పూల గలేబు వేసి ఉంది. నా చేతిలో ఫైలు చూసింది.

"ఎడమనా, కుడా?" అని అడిగింది, బస్సు ఏ వైపు వస్తుందని అడిగినంత మామూలుగా.

"ఎడమ."

"నాది కుడి. పోయిన రంజాన్ అయినంక చేసిన్రు. చూడండి, కూర్చున్న గదా." ఆమె నవ్వింది. "మీది అదృష్టం. చీర కొంగు మీ దిక్కే ఉంటది."

అన్ని రోజుల తర్వాత నాకు నవ్వొచ్చింది. నవ్వగానే ఏడుపొచ్చింది. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి, రెండూ అయ్యేదాకా ఊరుకుంది. పేరు తాహెరా అని చెప్పింది. అప్పటినుంచి నాకు ఆమె ఆపా, అంటే అక్క. ఇల్లు మా గల్లీకి రెండు గల్లీల అవతలే. ఇన్నేళ్లు ఒకే బజారులో కూరగాయలు కొంటున్నా మాకు ఒకరికొకరు తెలియదు.

పిలుపు వచ్చేలోగా తాహెరా ఆపా నాకు చాలా చెప్పింది. అప్పటికి చీటీ రాయించుకుని వచ్చిన మా ఆయన పక్కనే నిలబడి అంతా విన్నారు. తల మీదినుంచి తొడిగే నైటీలు పనికిరావట, చెయ్యి లేవదు కాబట్టి. "ముందు గుండీలు ఉన్నవే వేసుకోవాలె. మీ ఆయన పాత చొక్కాలు లేవా? అవే మంచివి. ఎంత పాతవైతే అంత మెత్తగుంటయి." చంక కింద పెట్టుకోవడానికి చిన్న దిండు కావాలి, చెయ్యి ఒంటికి ఆనితే మంట. ఆపరేషన్ చోటునుంచి నీరు పోవడానికి పైపులు వేస్తారు, వాటి చివర డబ్బాలు వేలాడుతుంటాయి. వాటికి ఒక సంచి కావాలి, లేకపోతే లేచిన ప్రతిసారీ లాగుతాయి. పడుకుని లేవడం కష్టం, కాళ్లు చాపుకుని వాలే కుర్చీ ఉంటే దాంట్లోనే నిద్ర. నీళ్లు తాగడానికి స్ట్రా.

"ఇంకొకటి. వంటింట్ల రోజు వాడేవన్ని పై అరలకెల్లి నడుమెత్తుకు దించున్రి. మీరు అడగరు నాకెర్కనే, చెయ్యి పెట్టి లాగుతరు."

ఆమె పేరు పిలిచారు. లేచి, ఒళ్లోని దిండు నా ఒళ్లో పెట్టింది.

"ఇది తీస్కోండి. గలేబు ఉతికిందే. నాకు ఇగ అంతగ అక్కర్లేదు."

"మీకు మళ్ల..."

"మళ్ల అవసరమైతే మీ ఇంటికే వస్త. గల్లీ ఎర్కైంది గదా."

ఆ మరునాడు మా ఆయన దుకాణం మూసి ఒక్కరే బేగం బజార్ వెళ్లారు. సాయంత్రం ఆటోలోంచి దింపిన సామాను చూసి కావ్యకి నవ్వాగలేదు. నా అంత పొడుగున్న గుండ్రటి దిండు ఒకటి. పెళ్లి విందుకు సరిపోయేటన్ని స్ట్రాలు. ఒక పెద్ద ఇత్తడి గంట.

"గంటెందుకు నాన్నా?"

"మమ్మీకి ఏమన్న కావాలంటే పిలవాలె గదా. ఒర్లితే కుట్లు గుంజుతయి."

"గది గుడి గంట నాన్నా. ఎత్తాలంటేనే ఇద్దరు గావాలె."

గంట వెనక్కి వెళ్లింది, దాని బదులు పూజకు వాడే చిన్న గంట వచ్చింది. గుండ్రటి దిండు మాత్రం పనికొచ్చింది, మోకాళ్ల కింద పెట్టుకోవడానికి. మిగతా సాయంత్రమంతా ఆయన స్టూలెక్కి వంటింటి పై అరలు ఖాళీ చేశారు. ఉప్పు, పప్పులు, టీ పొడి, నూనె అన్నీ గట్టు మీదికి దిగాయి. పాతికేళ్ల సంసారంలో ఆయన పోపుల డబ్బా ఎక్కడుంటుందో చూడడం అదే మొదలు.

వాలే కుర్చీ ఇంట్లో ఒకటే ఉంది. అది అత్తమ్మది. టేకు కర్ర, గట్టి బట్ట. మామయ్య పోయాక ఆ కుర్చీలో ఆమె తప్ప ఎవరూ కూర్చోలేదు, కూర్చోవాలని ఎవరికీ అనిపించలేదు. కొత్తది కొందామని మా ఆయన అంటుంటే అత్తమ్మ లేచి, కుర్చీకున్న బట్ట ఊడదీసి ఉతికి ఆరేసింది. ఎండాక నా గదిలో కిటికీ పక్కన వేయించింది. తాను నేల మీద చాప వేసుకుంది.

"మోకాళ్ల నొప్పులు గదా అత్తమ్మా, కిందెట్ల కూసుంటరు?"

"నా మోకాళ్ల ఫికర్ నువ్వు జేయకు. ముందు నీ సంగతి చూడు."

బతుకమ్మ రోజులు

నిమజ్జనం ఊరేగింపులు అయిపోయి, ఆబిడ్స్ రోడ్ల మీద గులాల్ ఇంకా కొట్టుకుపోకముందే నన్ను దవాఖానలో చేర్చారు. ఆపరేషన్ పొద్దున నర్సమ్మ సబ్బు నురగ రాసి నా గాజులు ఒక్కొక్కటే జార్చింది. మంగళసూత్రం తీసి మా ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకుని, పైనుంచి అరచెయ్యి అదిమి పెట్టుకున్నారు. నన్ను తోసుకుపోతుంటే చూశాను, ఆ చెయ్యి జేబు మీదనుంచి తియ్యలేదు.

భయం ఎలా ఉంటుందో చెప్పాలి. చచ్చిపోతానని కాదు. లేచాక నేను నాలాగే ఉంటానా అని. చలిగా ఉన్న గదిలో, కళ్ల మీద లైటు పడుతుంటే, నాకు గుర్తున్న రంగులన్నీ లోపల చెప్పుకున్నాను: మిరపపండు, చిలకపచ్చ, గంధం, పొన్నగంటి ఆకు. గంధం దగ్గరో ఎక్కడో మత్తు పట్టేసింది.

మెలకువ వచ్చాక మొదట తెలిసింది నొప్పి కాదు, బిగువు. తడిబట్ట ఛాతీకి బిగించి కట్టి, అది ఎండుతున్నట్టు. చంక దగ్గర మొద్దుబారిపోయింది, నా చర్మం కాదన్నట్టు. పైపులు రెండు. వాటి డబ్బాలు మంచానికి వేలాడుతున్నాయి. గొంతు ఎండిపోయింది. కావ్య స్ట్రా నోటికి అందించింది. బేగం బజార్ స్ట్రాలను ఎంత ఎగతాళి చేసిందో, అన్నింటినీ అదే వాడింది.

ఇంటికి వచ్చేటప్పుడు కారు మాట్లాడారు. సీటు బెల్టు సరిగ్గా కుట్ల మీదికే వస్తుంది. బెల్టుకీ ఒంటికీ మధ్య తాహెరా ఆపా దిండు పెట్టుకున్నాను. నాంపల్లి రోడ్డు మీద గుంత వచ్చిన ప్రతిసారీ దాన్ని గట్టిగా పట్టుకున్నాను. ఆ దిండు లేకపోతే ఆ ప్రయాణం ఎలా చేసేదాన్నో తెలీదు. వేలెడంత మందం దూది, పూల గలేబు, అంతే.

పైపుల డబ్బాలకు సంచి అత్తమ్మ కుట్టింది. మెత్తటి లైనింగు బట్టతో రెండు జేబులు, నడుముకు కట్టుకోవడానికి చీర ఫాల్ పట్టీ. చూపు ఆనదు కాబట్టి సూదిలో దారం కావ్య ఎక్కించింది, కుట్టు మాత్రం అత్తమ్మది. పైన మా ఆయన పాత చొక్కా. మోచేతుల దగ్గర పల్చబడిపోయి, పారేద్దామని నేనే మూట కట్టినవి అవి. గుండీలు విప్పితే డ్రెస్సింగు కనబడుతుంది, పెడితే పైపులు కనబడవు. ఆ రోజుల్లో నేను దాదాపు ఆయన చొక్కాల్లోనే బతికాను.

డబ్బాల్లో నీరు రోజూ ఎంత వచ్చిందో చూసి పారబోయాలి. నర్సమ్మ నేర్పినప్పుడు కావ్య నేర్చుకుంది. కానీ అది ఆఫీసుకు పోవాలి. మొదటి రోజు మా ఆయన చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి నా ముందు కింద కూర్చున్నారు. నీళ్లల్లో కలిసిన నెత్తురు రంగు చూసి మొహం తెల్లబోయింది.

"మీతోని కాదు. అత్తమ్మను పిలువున్రి" అన్నాను.

"ఆగు జర." కళ్లు మూసి తెరిచారు. "పైపును మొదలు పైనుంచి కిందికి పిండాలె అన్నది గదా?"

"ఔ. మెల్లగ."

"నొస్తే చెప్పు."

నొప్పి వెయ్యలేదు. ఆయన వేళ్లు తాను మీద బట్ట కొలిచేటప్పుడు ఎంత నింపాదిగా జరుగుతాయో అంత నింపాదిగా జరిగాయి. ఆ రోజునుంచి ఆ పని ఇంకెవరికీ ఇవ్వలేదు. నాలుగు రోజులకు నీరు రంగు మారుతోందని నాకంటే ముందు ఆయనే కనిపెట్టారు. "ఎరుపు పోయి గులాబీ అయింది, గులాబీ పోయి గంధమైతున్నది" అన్నారు. రంగులు రాని మనిషి.

ఆయన ఇంట్లో ఉంటే దుకాణం ఎవరు చూడాలి? అత్తమ్మ. మామయ్య ఉన్నప్పుడు ఆమె కౌంటర్లో కూర్చునేదని విన్నానే కానీ నేను చూసింది లేదు. డెబ్బై దాటిన మనిషి, పొద్దున్నే జరీ అంచు చీర కట్టుకుని ఆటో ఎక్కింది. సాయంత్రం వచ్చి కిటికీ పక్కన చాప మీద కాళ్లు చాపుకుని సంగతులు చెప్పేది. "ఒకామె మామిడిపిందె రంగు అన్నది. ఇచ్చిన. గది గాదన్నది. ఎండల చూడు బిడ్డా అని బయటకు తోలిన. మళ్ల వచ్చి గదే తీసుకపోయింది." ఆమె గొంతులో నేనెప్పుడూ వినని హుషారు.

స్నానం సంగతి కూడా చెప్పాలి. చాలా రోజులు పై ఒంటికి తడిగుడ్డతో తుడుచుకోవడమే. ఎత్తు తక్కువ స్టూలు మీద కూర్చుని, నడుము కిందకి మాత్రం చెంబుతో పోసుకునేదాన్ని. నేల మీద జారకుండా రబ్బరు పట్టా వేశారు. తల కావ్య కడిగేది, నేను కుర్చీలో వెనక్కి వాలితే.

డ్రెస్సింగు పూర్తిగా తీసిన రోజు అద్దం ముందు నిలబడ్డాను. చొక్కా గుండీలు నేనే విప్పాను. ఒకవైపు ఎప్పటి నేను. ఇంకోవైపు చదును, దాని మీద అడ్డంగా ఒక గీత. ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. ఎవరిదో ఒళ్లు చూస్తున్నట్టు చూస్తూ ఉండిపోయాను. తలుపు అవతల చెప్పుల చప్పుడు ఆగింది.

"లోపలికి రావాల్నా, వద్దా?" మా ఆయన.

పైపులు చూశారు, నీరు చూశారు. దీన్ని మాత్రం ఆయన అప్పటిదాకా చూడలేదు. రమ్మనడానికీ వద్దనడానికీ మధ్య నాకు చాలాసేపు పట్టింది. ఆయన తలుపు తోయలేదు.

"రాన్రి" అన్నాను.

వచ్చారు. చూపు తిప్పుకోలేదు. దగ్గరికి వచ్చి, కళ్లద్దాలు పైకి జరుపుకుని, తాను అంచు చూసినట్టు ఆ గీతను ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశారు.

"డాక్టరమ్మ కుట్టు మంచిగ ఏసింది విజయా. ఎక్కడ గుంజుకపోలే."

నాకు నవ్వు తన్నుకొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి. "నవ్వియ్యకున్రి" అని దిండు ఛాతీకి అదుముకున్నాను. ఆయన చొక్కా గుండీలు ఒక్కొక్కటే మళ్లీ పెట్టారు. పెట్టేటప్పుడు ఆయన కళ్లల్లో నీళ్లు చూశాను. 

బతుకమ్మ ఆడడానికి కిందికి పోలేకపోయాను. గల్లీలో ఆడవాళ్లు పాట పాడుతుంటే కుర్చీలో వాలి, కిటికీలోంచి విన్నాను. కావ్య తంగేడు, బంతి పూలు తెచ్చి నా కుర్చీ పక్కన చిన్న బతుకమ్మను పేర్చింది.

దీపావళి తర్వాత

చూడడానికి వచ్చే చుట్టాలకు పిత్తాశయం రాళ్ల కథే చెబుతున్నాం. దానివల్ల వచ్చిన చిక్కు ఏమిటంటే, అందరూ నాకు నూనె లేని చప్పిడి కూరలు తెచ్చేవాళ్లు. ఉడికించిన సొరకాయ చూస్తేనే విరక్తి పుట్టింది. ఒకరోజు హిమాయత్‌నగర్‌లో ఉండే మా ఆయన మేనత్త వచ్చింది. ఆమెకు నిజంగానే ఆ రాళ్ల ఆపరేషన్ అయిందట.

"నాకు కడుపు మీద నాలుగు రంధ్రాలే పెట్టిన్రు. నీకు చెయ్యి ఎందుకు లేస్తలేదే?" అని అడిగింది.

గదిలో అందరూ ఉన్నారు. అత్తమ్మ నావైపు చూసింది. నాకు ఒక్కసారిగా అలసట అనిపించింది. రోగంతో కాదు, ఆ రాళ్లతో.

"రాళ్లు గాదు పెద్దత్తమ్మా. రొమ్ముల గడ్డ. తీసేసిన్రు. ఇప్పుడు మంచిగనే ఉన్న."

మేనత్త నెమ్మదిగా లేచి వచ్చి నా తల నిమిరింది. పోయేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, తనకూ ఒక గట్టితనం తగులుతోందని, ఎవరికీ చెప్పలేదని అంది. ఆ వారమే కావ్య ఆమెను దవాఖానకు తీసుకుపోయింది. ఆమెది ఉత్త కొవ్వు గడ్డ అని తేలింది. నాకు వచ్చిన మంచి కబురులాగే అనిపించింది.

ఆ సాయంత్రం అత్తమ్మ కోపంగా ఉంటుందనుకున్నాను. ఆమె టీ గ్లాసు నా కుడిచేతికి అందించి అంది:

"జెప్పేసినవు గదా. మంచిదే అయింది. ఎవలకు ఎన్ని రాళ్లని జెప్పిన్నో యాదుంచుకునుడు నాతోని అయితలేకుండె."

డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, నాకు రోజుకో మాత్ర చాలంది, కొన్నేళ్లపాటు. సెలైన్‌లో ఎక్కించే కీమో మందులు అక్కర్లేదంది. అందరికీ ఇలా ఉండదని నాకు తెలుసు. తాహెరా ఆపాకి జుట్టంతా ఊడి మళ్లీ వచ్చింది. కాబట్టి నా దారి సుఖమైందని చెప్పను, నాకు కాస్త దగ్గరి దారి దొరికిందంతే.

కసరత్తు మాత్రం తప్పలేదు. గోడ ముందు నిలబడి ఎడమచేతి వేళ్లతో సాలెపురుగులా పైకి పాకించాలి. మొదట్లో స్విచ్చు బోర్డు దాటలేదు. తర్వాత కేలండర్ అంచు దాకా. రబ్బరు బంతి పిసకడం, తువ్వాలు రెండు చేతులా పట్టుకుని లాగడం. కొన్ని రోజులు నిన్నటికంటే కిందికే ఆగిపోయేది. అలాంటప్పుడు ఏడ్చాను కూడా.

ఆ చేతికి బిగువు పనికిరాదని చెప్పారు. బిగుతు గాజులు వద్దు, సూదులు వద్దు, బీపీ కూడా కుడిచేతికే చూడాలి. ఒక చేతికి గాజుల్లేకుండా ఎలా అని అత్తమ్మ మథనపడింది. చివరికి తనే తీర్పు చెప్పింది. రెండు చేతుల గాజులూ కుడిచేతికే వేసింది. ఇప్పుడు నేను బట్ట కొలుస్తుంటే ఒకవైపే గలగలమంటుంది.

కుట్లు మానేదాకా గట్టి బాడీ వేసుకోకూడదు. ముందు హుక్కులుండే మెత్తటి కాటన్‌ది, లోపల జేబు కుట్టినది వాడాను. ఆ జేబులో దూది పెట్టిన తేలికపాటి మెత్త. అది తేలిక కాబట్టి పైకి జరుగుతుంది, ఒకసారి గిరాకీ ముందే భుజం దగ్గరికి వచ్చేసింది. తాహెరా ఆపాకి ఫోన్ చేస్తే, కింద అంచు దగ్గర సూదితో రెండు టాకాలు వేసుకోమంది. కొన్ని నెలలకు, డాక్టరమ్మ సరేనన్నాక, రొమ్ముంత బరువుండే మెత్త తీసుకున్నాను. అది పెట్టుకున్నాక గానీ తెలియలేదు, అన్నాళ్లూ నా భుజం ఒకవైపు ఎంత వంగిపోయిందో. ఇంట్లో మాత్రం ఏదీ పెట్టుకోను. చదునుగానే తిరుగుతాను. హాయిగా ఉంటుంది.

ఎండలు ముదిరాక

ఇప్పుడు దుకాణంలో కౌంటర్ కింద ఒక సొరుగు ఈ సామానుకే వదిలేశాం. నిలువునా గుండీలుండే వదులు చొక్కాలు, పైపుల సంచులు, చంకలో పెట్టుకునే చిన్న దిండ్లు, జేబు బాడీలు. సంచులు అత్తమ్మ కుడుతుంది, దిండ్లు తాహెరా ఆపా ఇంటినుంచి వస్తాయి. బోర్డు పెట్టలేదు. ఒకరు ఒకరికి చెప్పుకుని వస్తారు. ఆడవాళ్లు వస్తే నేను మాట్లాడతాను. వాళ్లలో కొందరు వినడానికి వస్తారు, కొందరు నన్ను నిలబడి ఉండగా చూడడానికే వస్తారు.

పోయిన వారం ఒక మధ్యాహ్నం, గిరాకీ పల్చగా ఉన్న వేళ, ఒకాయన వచ్చాడు. నలభై ఉంటాయేమో. మోటార్‌సైకిలు తాళం చేతిలో తిప్పుతూ చాలాసేపు లైనింగు బట్టలు చూశాడు. ఏ రంగు కావాలని అడిగాను. నా మొహం చూడలేకపోయాడు.

"మా ఇంట్లకు... సోమవారం ఆపరేషన్ ఉన్నది. గీడ ఏవో సామాన్లు దొరుకుతయన్నరు" అన్నాడు, భార్య సంగతి చెబుతూ.

నేను సొరుగు లాగబోయాను. అప్పటిదాకా మూలన బిల్లులు చూసుకుంటున్న మా ఆయన లేచి వచ్చారు. నాకు చెయ్యి అడ్డం పెట్టలేదు. స్టూలు ఒకటి లాగి వచ్చినాయన ముందు వేశారు.

"కూసో తమ్మీ. నీళ్లు తాగు."

ఆయన కూర్చున్నాడు. మా ఆయన సొరుగులోంచి సంచి తీసి తన నడుముకే కట్టుకున్నారు, చొక్కా మీదనుంచి.

"గిదిగో, పైపులు గిట్ల వస్తయి. డబ్బాలు గీ జేబులల్ల ఉంటయి. నీరు నువ్వే తియ్యి. ఇంకోలకు ఇయ్యకు. మొదటి దినం చేతులు వణుకుతయి. రెండో దినం వణకయి."

ఆయన తాళం తిప్పడం ఆపాడు. "నాకు నెత్తురు చూస్తే కళ్లు తిరుగుతయన్నా."

"నాకు గూడ తిరిగినయి. కింద కూసోని చెయ్యి. కింద కూసున్నోడు పడడు."

మొదటిసారిగా ఆ మనిషి మొహంలో చిన్న నవ్వు కనిపించింది. తర్వాత నావైపు ఓసారి చూసి తల వంచుకున్నాడు. ఏదో అడగాలి, నేను ఎదురుగా ఉన్నందుకు అడగలేకపోతున్నాడు. నేను చీర ఫాల్‌ల వైపు తిరిగి సర్దుతున్నట్టు నిలబడ్డాను.

"అన్నా, ఆమెను... అది తీసినంక... చూడాల్నా, వద్దా? నేను చూస్తే ఆమెకు బాధైతదా? చూడకుంటే బాధైతదా?"

మా ఆయన నడుముకున్న సంచి ముడి విప్పి, పట్టీ మడతపెట్టి కౌంటర్ మీద ఉంచారు.

"తలుపు దగ్గర నిలబడు" అన్నారు. "ఆమె రమ్మనేదాంక నిలబడు. ఎంతసేపైనా సరే, గాడనుంచి పోకు."